తూకపు రాళ్లు మోసిన రోజులు

1999లో నాకు దొరికిన మొదటి ఉద్యోగంలో అన్నిటికంటే బరువైనది నా సంచీ. అన్నిటికంటే తేలికైనది జీతం.

ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మి, వాటికి మరమ్మతులు చేసే చిన్న కంపెనీ అది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు. కార్డు మీద ‘సర్వీస్ ఇంజనీర్’ అని అచ్చు వేయించి ఇచ్చారు గానీ, వెళ్లిన ప్రతి చోటా నన్ను పిలిచింది ‘కాటాల అబ్బాయి’ అనే. డిప్లొమా పట్టా చేతికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎక్కడ ఏ కాటా మొరాయించినా నేను వెళ్లాలి. సంచీలో స్క్రూడ్రైవర్లు, మీటరు, సోల్డరింగ్ ఐరన్, రెండు బ్యాటరీలు ఉండేవి. వాటి అడుగున తూకపు రాళ్లు. పేరుకు రాళ్లే గానీ అవి పోత ఇనుముతో చేసినవి. 20 కిలోలది ఒకటి, 5 కిలోలవి రెండు, చిల్లర రాళ్లు కొన్ని. కాటా నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తేల్చేది ఆ రాళ్లే. వాటిని మోసేది నేను.

మొదటి నెలంతా వాటన్నిటినీ ఒకే సంచీలో కుక్కి, కుడి చేత్తో పట్టుకుని, మనిషిని పూర్తిగా ఎడమవైపు వంచి నడిచాను. రాత్రి పడుకుంటే వెన్నులో ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టు ఉండేది. ఒకరోజు గుంటూరు పాసింజరు అందుకోవడానికి విజయవాడ స్టేషన్‌లో వంతెన మెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోయాను. వెనకాలే నెత్తిన రెండు పెట్టెలు, భుజానికి ఒక సంచీతో ఎర్రచొక్కా పోర్టరు ఒకాయన వచ్చాడు. వయసులో మా నాన్న కంటే పెద్దవాడు. నన్ను చూసి ఆగాడు.

“కావడి ఎప్పుడైనా చూశావా బాబూ?”

“చూశాను.”

“ఒకే కుండ కట్టి మోస్తారా దాన్ని?”

అంతే. జవాబు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే బీసెంట్ రోడ్డులో ఇంకో సంచీ కొన్నాను. 20 కిలోల రాయి ఒక చేతిలో, మిగిలిన సరంజామా అంతా రెండో చేతిలో. మొత్తం బరువు కిలో కూడా తగ్గలేదు, పైగా కొత్త సంచీ బరువు కలిసింది. అయినా వంతెన అవతల ప్లాట్‌ఫారం మునుపటి కంటే దగ్గరికి జరిగినట్టు అనిపించేది. తూకాల గురించి నేను మూడేళ్లు చదివాను. రెండు వైపులా సమంగా ఉండాలన్న మాట మాత్రం ఒక పోర్టరు చెబితే తప్ప నా నడుముకు చేరలేదు.

గుంటూరు మిర్చి యార్డులోకి మొదటిసారి అడుగు పెట్టింది 2000 మార్చిలో. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సీజను ముమ్మరం, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. నేను వెళ్లిన వేళ యార్డు గేటు బయట లారీల వరుస చాలా దూరం ఉంది. లోపల ఎటు చూసినా టిక్కీలు. మిరపకాయలు కుక్కి కుట్టిన గోనె బస్తాను టిక్కీ అంటారని నాకు అక్కడే తెలిసింది. ఒక్కొక్కటి 40, 45 కిలోలు ఉంటుంది. తేజ, బాడిగ, దగ్గర్లోని లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 అనే రకాలు. కాయ పేరు అడిగితే చిన్న పిల్లవాడు కూడా తొడిమ చూసి చెప్పేస్తాడు. నేను మాత్రం పది అడుగులు వేయకుండానే తుమ్మడం మొదలుపెట్టాను. ఒకటి రెండు తుమ్ములు అయితే సరే, పధ్నాలుగు వరకూ లెక్కపెట్టి మానేశాను. అటుగా పోతున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కొత్తవాడిని అక్కడ ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు, తుమ్ములే చేస్తాయి.

ఒక కమీషన్ కొట్టులో తగాదా. రైతు ఊళ్లో తూచి తెచ్చిన బస్తాలు ఇక్కడ తక్కువ తూగుతున్నాయి. అన్నీ కాదు, కొన్ని. టిక్కీకి మూడు వందల గ్రాములు, ఒక్కోసారి అరకిలో. షావుకారు తన మాట నిలబెట్టుకోవాలని కంపెనీకి ఫోను చేయించాడు. రైతుకు నా మీద ఒక్క పైసా నమ్మకం లేదు, నేను షావుకారు పిలిస్తే వచ్చినవాణ్ణి కదా. గుమస్తా కుర్చీ వేయించి కూల్‌డ్రింకు తెప్పించాడు. నేను ఇంజనీరు హోదాలో చొక్కా చేతులు మడిచి, కాటా నీటిబుడగ చూసి, మట్టం సరిచేసి, పళ్లెం తుడిచి, నా రాళ్లు మూడూ నడిమధ్యన పేర్చాను. అంకెలు ఆగాయి: 30.000. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే.

“కాటా సరిగ్గానే ఉందండీ” అని ప్రకటించాను.

షావుకారు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. రైతు మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏమీ మాట్లాడకుండా తన బస్తాల వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇబ్బందిగానే ఉంది. కానీ రెండు గంటల బస్సు అందుకోవాలి, తుమ్ములు ఆగడం లేదు. కాగితం మీద సంతకం పెట్టించుకుని బయటపడ్డాను.

బయట టీ బడ్డీ దగ్గర నిలబడి కళ్లు నులుముకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. కాటా పళ్లెం తుడిచిన చేతులవి. నిప్పు పెట్టినట్టు భగ్గుమంది. కుళాయి వైపు పరుగెత్తబోతే ఎవరో నా మణికట్టు పట్టుకుని ఆపారు. చూస్తే, కొట్టులో బస్తాల మీద కూర్చుని బీడీ తాగుతున్న ముఠా కూలీ. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. మెడ వెనక, భుజం మీద చర్మం కాయలు కాసి నల్లగా ఉంది.

“ఆ చేతులతో మొహం కడిగితే మంట ఊరంతా తిరుగుతుంది సారూ. ముందు చేతుల సంగతి చూడాలి.”

టీ బడ్డీ మీదున్న కొబ్బరినూనె సీసా తీసి నా అరచేతుల్లో ఒంపాడు. రుద్దించి, పాత గుడ్డతో తుడిపించి, ఆ తర్వాత సబ్బుతో కడిగించాడు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఇది పుస్తకంలో ఉన్న సంగతే. నేను చదువుకున్న పుస్తకాల్లో మాత్రం లేదు. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారి కారి కాసేపటికి చల్లబడ్డాయి. అప్పుడు అసలు విషయం ఎత్తాడు.

“మీరు రాళ్లు నడిమధ్యన పెట్టారు. మేం టిక్కీ నడిమధ్యన వేస్తామా?”

నాకు అర్థం కాలేదు.

“రోజుకు వందల టిక్కీలు. భుజం మీది నుంచి జారవిడిస్తే ఏ మూల పడితే ఆ మూలే. గోడ వైపు మూల మీద పడినప్పుడు చప్పుడు వేరేగా వస్తుంది సారూ. మొద్దు చప్పుడు. నెల రోజులుగా వింటున్నాను.”

వెనక్కి వెళ్లాను. 20 కిలోల రాయిని ఒక్కో మూల పెట్టి చూశాను. మూడు మూలల్లో 20.000. గోడ వైపు మూలలో 19.750. పళ్లెం ఎత్తి చూస్తే, ఆ మూల కింద బొటనవేలంత గడ్డ. మిరప దుమ్ము, గింజలు, తొడిమల ముక్కలు, గోనె పీచు అన్నీ చెమ్మకు ముద్దై, ఎండకు ఇటుకలా గట్టిపడి, పళ్లేనికీ చట్రానికీ మధ్య ఇరుక్కున్నాయి. ఆ మూల పడిన బరువులో కొంత భాగాన్ని గడ్డే మోస్తోంది, మిగతాది మాత్రమే కాటాకు తెలుస్తోంది. స్క్రూడ్రైవరుతో గీకి తీసేశాను. రైతు బస్తాలు మళ్లీ తూచారు. కొన్ని పెరిగాయి, కొన్ని అంతే ఉన్నాయి. అంతే ఉన్నవి అదృష్టవశాత్తూ ఆ మూల తప్పించి పడినవి.

నిజానికి నాలుగు మూలలూ పరీక్షించాలని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. తొందరలో వదిలేశాను. ఈ మాట అప్పుడు ఆఫీసులో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

“ఇంత తెలిసినవాడివి ముందే చెప్పి ఉండొచ్చు కదా పెద్దాయనా?” అన్నాను.

“షావుకారును అడిగారు, గుమస్తాను అడిగారు, రైతును అడిగారు” అని వేళ్లు మడిచి లెక్కపెట్టి, నాలుగో వేలు అలాగే ఉంచాడు.

ఆ తర్వాత ఆరేళ్లలో ఎన్ని కొట్లకు, మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు వెళ్లానో లెక్కలేదు. ఎక్కడికి వెళ్లినా యజమానికి నమస్కారం పెట్టేసి, బస్తా ఎత్తే మనిషి ఎక్కడున్నాడో వెతుక్కునేవాణ్ణి. సగం మరమ్మతు ఆయన మాటల్లోనే అయిపోయేది. ఎలుక ఏ రాత్రి వైరు కొరికిందో, లారీ వెనక్కి వస్తూ దేన్ని తాకిందో యజమానికి తెలియదు. ఆ మనిషికి తెలుస్తుంది.

మంగళగిరి సంగతి వేరు. అక్కడ నాలుగు మూలలూ చూశాను, అయినా ఓడిపోయాను.

పానకాల స్వామికి బిందెడు పానకం పోస్తే సగమే స్వీకరించి, సగం భక్తుడికి తిరిగి ఇచ్చేస్తాడని చెప్పుకునే ఊరు అది. కొలత విషయంలో దేవుడే అంత కచ్చితంగా ఉండే చోట మనుషులు ఊరుకుంటారా? ఒక నూలు షావుకారు దగ్గర నేత కార్మికుడు కాటా తప్పు అని పేచీ పెట్టాడు. పద్ధతి ఏమిటంటే, షావుకారు నూలు తూచి ఇస్తాడు, నేసిన చీరలు తూచి తీసుకుంటాడు. తరుగు ఎక్కువైతే కూలిలో కోత. గంజి బరువుకు వేరే లెక్క ఉంది. ఆ నేతన్న లెక్కలో ప్రతి వానాకాలం తరుగు పెరుగుతోంది, ఇంట్లో మాత్రం నూలు పోగు కూడా వృథా కావడం లేదు.

జూలై నెల, ముసురు. కాటా నాలుగు మూలలూ, నడిమధ్యా పరీక్షించాను. గ్రాము తేడా లేదు. ఈసారి నిజంగానే సరిగ్గా ఉంది. ఆ మాటే చెప్పాను, కాస్త గర్వంగానే. నేత అన్న వాదించలేదు. వసారాలో ఉన్న నూలు చిలపల, అంటే నూలు చుట్టల, కట్ట ఒకటి తెచ్చి కాటా మీద పెట్టాడు. 500 గ్రాములు. “రాసుకో తమ్ముడూ” అని, ఆ కట్ట తీసుకుని పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లాడు. వెంట వెళ్లాను. గుంట మగ్గం మీద సగం నేసిన చీర, ఆకుపచ్చ ఒంటికి సన్నటి జరీ అంచు. వంటింట్లో పొయ్యి మీద దండెం. చిలపలు విడదీసి దాని మీద ఆరేశాడు. వాళ్లావిడ టీ ఇచ్చింది. రెండో టీ కూడా ఇచ్చింది. ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం నాకు అలవాటు లేని పని, అందుకని చీర ఖరీదెంత అని అడిగాను, నేయడానికి ఎన్ని రోజులని అడిగాను. అన్నిటికీ ఒక్కో మాటలో జవాబిచ్చి, మధ్య మధ్య నూలును వేళ్లతో నలిపి చూశాడు. చివరికి తీసి కట్ట కట్టి, వానకు తడవకుండా చొక్కాలో దోపుకుని, షావుకారు కొట్టుకు తెచ్చి కాటా మీద పెట్టాడు.

474 గ్రాములు.

నూలు చెమ్మను తాగుతుంది. ముసురులో తూచి ఇచ్చింది నూలు, వాన నీళ్లు కలిపి. ఎండ కాసిన రోజున చీర తెస్తే ఆ నీళ్లు ఉండవు. ఆ లోటు నేతగాడి ఖాతాలో పడుతోంది. కాటా తప్పు లేదు, షావుకారు మోసం లేదు, నేత అన్న దొంగతనం లేదు. ముగ్గురి మధ్యా ఆకాశం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

షావుకారు కాసేపు గడ్డం గోక్కుని ఖాతా పుస్తకం తీశాడు. ఆ రోజు తారీఖు పక్కన ‘ముసురు’ అని రాశాడు. ఇకమీదట తరుగు కట్టేటప్పుడు అది చూసుకుంటానన్నాడు. సర్వీసు కాగితం మీద ‘లోపం’ అన్న గడిలో ఏం రాయాలో తెలియక నేనూ అదే మాట రాశాను. మా మేనేజరు మర్నాడు దాన్ని పైకీ కిందికీ తిప్పి చూశాడు.

మధ్యాహ్నం గుంటూరులో ఉంటే బ్రాడీపేటలో ఒక మెస్సులో భోజనం. మెస్సు నడిపే ఆవిడ అన్నం గరిటెతో కొలిచే పెట్టేది. రెండోసారి మాత్రం కొలత ఉండేది కాదు. “ఇంకొంచెం, ఇంకొంచెం” అంటూ గోంగూర పక్కన ముద్ద పడేసి వెళ్లేది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించే నేర్పు అది. కొసరి కొసరి వడ్డించడమన్న మాటకు నాకు తెలిసిన అసలైన అర్థం ఆ బల్ల దగ్గర ఉంది.

ఆ కొసరు గురించే విజయవాడ స్వరాజ్ మైదానం రైతుబజారులో ఒకావిడ నాతో తగువు పెట్టుకుంది. 1999 జనవరిలో రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు, తక్కెడలు తీసేసి ఎలక్ట్రానిక్ కాటాలు పెడితే ఎలా ఉంటుందో చూపించమని మా కంపెనీ నన్ను పంపింది. కంకిపాడు వైపు నుంచి బెండకాయలు తెచ్చే ఆవిడ ముందు కాటా పెట్టి, 1.000 అని రావాలని, అంతకంటే ఒక్క కాయ ఎక్కువ వేయనక్కర్లేదని వివరించాను. ఎంత లాభమో లెక్కకట్టి కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, “మరి మొగ్గు ఎక్కడుంటుంది నాయనా దీనిలో?” అని అడిగింది.

తక్కెడ సరుకు వైపు కాస్త వాలితేనే కొనేవాళ్లు సంచీ తెరుస్తారు. సమంగా నిలిస్తే అనుమానం. ఆ వాలునే మొగ్గు అంటారు. నా కాటాలో అది లేదు. ఉండకూడదు కూడా, అదే దాని గొప్పతనమని కదా నేను ప్రచారం చేస్తున్నాను! ఆవిడ కాసేపు ఆలోచించి, 1.000 రాగానే పళ్లెం దించి సంచీలో పోసి, ఆ తర్వాత నాలుగు బెండకాయలు, రెండు కరివేపాకు రెమ్మలు చేత్తో తీసి పైన వేసింది. “ఇది నీ మిషను లెక్కలోకి రాదులే” అంది. ఇప్పుడు ఆ మైదానంలో రైతుబజారు లేదు. 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఉంది, 125 అడుగులది. ఆ రోడ్డున వెళ్లినప్పుడల్లా తలెత్తి విగ్రహాన్ని చూస్తాను, తర్వాత ఆవిడ గోనె పరిచి కూర్చునే చోటు ఎక్కడ ఉండేదా అని కిందకి వెతుకుతాను. ఆనవాలు దొరకదు.

ఇక వన్‌టౌన్ ముసలాయన. ఆయన గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను గానీ, మధ్యలో మిరపకాయలు అడ్డం వచ్చాయి.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చింతపండు వ్యాపారం. కొడుకులు మా దగ్గర కొత్త కాటా కొన్నారు. డెబ్బై అయిదేళ్ల ఆయన మాత్రం దూలానికి వేలాడే పాత త్రాసు దించనివ్వలేదు. ఆయన నోట కిలోలు కూడా కొత్త మాటే. వీశె, మణుగు. ఎనిమిది వీశెలు మణుగు, నూట ఇరవై తులాలు వీశె. దేశం మెట్రిక్ కొలతల్లోకి మారి నలభై ఏళ్లు దాటినా ఆయన మనసులో మార్చుకుని, నోటితో కిలోలు చెప్పేవాడు. నేను వెళ్లి కాటా పరీక్షిస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నా చేతుల్నే చూసేవాడు.

ఒకరోజు 20 కిలోల రాయి కాటా మీద పెట్టి, అంకె తేడాగా ఉంటే దానికి తగ్గట్టు సరిచేస్తున్నాను.

“అబ్బాయ్, ఆ రాయి చెప్పిందే నిజమని ఈ మిషను ఒప్పుకోవాలి. అంతేనా?”

“అంతే బాబాయి గారూ.”

“మరి ఆ రాయిని ఎవరు తూస్తారు?”

ప్రభుత్వ తూనికలు కొలతల శాఖ వాళ్లు అని చెప్పాను. రెండేళ్లకోసారి తూచి, ముద్ర వేస్తారని చెప్పాను. ఆయన రాయిని తిరగేయమన్నాడు. అడుగున చిన్న గుంటలో నింపిన సీసం మీద ముద్ర ఉంటుంది. కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ చూశాను. ముద్ర నాటి సంవత్సరానికి అప్పటికి నాలుగేళ్లు.

ఆ నాలుగేళ్లలో ఆ రాయి ఎన్ని బస్సుల పుట్‌బోర్డుల మీద పడిందో, ఎన్ని సిమెంటు గట్లకు కొట్టుకుందో నాకే తెలుసు. అంచు ఒకచోట చితికిపోయి ఉంది. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను. ఊళ్లలో కాటాలన్నిటినీ నిలదీసినవాణ్ణి, నా చేతిలో ఉన్నదాన్ని ఒక్కసారీ అడగలేదు.

మర్నాడే తూయించాను. 12 గ్రాములు తక్కువ. సీసం నింపించి, కొత్త ముద్ర వేయించారు. మా మేనేజరు లెక్క వేసి చూపించాడు: ఈ రాయితో సరిచేసిన కాటా మీద టిక్కీకి వచ్చే తేడా 27 గ్రాములట, మిర్చి కాటాలు చూపించేదే 50 గ్రాముల లెక్కన, కాబట్టి కంగారు పడాల్సింది లేదట. లెక్క ప్రకారం ఆయన మాట కాదనలేను. అయినా ఆ వారం రోజులూ యార్డు వైపు వెళ్లబుద్ధి కాలేదు.

తర్వాత వన్‌టౌన్ వెళ్లాను. పని లేకపోయినా వెళ్లాను. ముసలాయన త్రాసు ముందు నిలబడి ఎవరికో చింతపండు తూస్తున్నాడు. తూకం అయ్యే దాకా ఆగాను.

“రాయి తూయించాను బాబాయి గారూ.”

“ఎంత తక్కువ?”

తక్కువే అయి ఉంటుందని ఆయనకెలా తెలుసో అడగలేదు.

“12 గ్రాములు.”

పెదవులు కదిలించి మనసులో మార్చుకున్నాడు. ఆయన లెక్క నాకూ వచ్చు. తులం అంటే 11.66 గ్రాములు.

“తులం పైమాటే” అన్నాడు. “మా ఇంట్లో తులం కనపడకపోతే ఆ పూట ఎవరికీ అన్నం పెట్టేది కాదు మా అమ్మ. దొరికేదాకా ఇల్లంతా వెతికేవాళ్లం.”

అని, పళ్లెంలోకి ఇంకో చిటికెడు చింతపండు వేసి, ముల్లు సరుకు వైపు వాలేదాకా చూసి, పొట్లం కట్టాడు.